క్యారవాన్‌కు సౌరశక్తి, లిథియం బ్యాటరీ: కొనుగోలుకు ముందు తెలుసుకోవలసిన విషయాలు

పాత టెంపో ట్రావెలర్‌నో, సరుకుల వ్యానునో కొని, లోపల పడక, పొయ్యి, నీళ్ళ తొట్టి అమర్చుకొని కుటుంబంతో యాత్రలకు బయలుదేరేవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు. అటువంటి నివాస వాహనాన్నే క్యారవాన్ అంటున్నాము. వ్యానునే ఉపాహారశాలగా మలచి జీవనోపాధి పొందేవారు ఇంకా ఎక్కువ. ఈ వాహనాలలో దీపాలకు, ఫ్యానుకు, మిక్సీకి ఇంతకాలం ఇంటి ఇన్వర్టర్లకు వాడే సీసపు బ్యాటరీయో, చిన్న పెట్రోలు జనరేటరో ఆధారంగా ఉండేది. ఇప్పుడు పైకప్పు మీద సౌర ఫలకాలు, లోపల లిథియం బ్యాటరీ అమర్చుకోవాలని పలువురు ఆలోచిస్తున్నారు. ఈ మార్పు ఎలా చేసుకోవాలో, ఎక్కడ పొరపాటు జరిగే అవకాశం ఉన్నదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ మార్పునకు ఖర్చు తగ్గడం ఒక్కటే కారణం కాదు. 2024 డిసెంబరులో కేరళ రాష్ట్రంలోని వడకరలో, రహదారి పక్కన నిలిపిన ఒక క్యారవాన్‌లో ఇద్దరు మృతి చెందారు. జనరేటర్ నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు వాహనంలోకి చేరడమే అందుకు కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి ప్రమాదం తెలిసే అవకాశమే లేదు. సౌర ఫలకానికి, బ్యాటరీకి పొగ లేదు కాబట్టి ఆ భయం తొలగుతుంది. అయితే బ్యాటరీని తప్పుగా అమర్చితే ఒక ప్రమాదాన్ని తొలగించి మరొక ప్రమాదాన్ని తెచ్చుకున్నట్లే అవుతుంది. కాబట్టి రెండు పనులు ముందుగా జరగాలి: రోజువారీ వాడకాన్ని లెక్కించడం, రక్షణ ఏర్పాట్లను నిర్ణయించుకోవడం. వస్తువుల కొనుగోలు ఆ తరువాతి మాట.

మొదటి మెట్టు: రోజువారీ లెక్క

బెస్కాం బిల్లులో మనం చూసే ఒక యూనిట్ అంటే 1,000 వాట్ గంటలు. 100 వాట్ల పరికరం 10 గంటలు నడిస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. వాహనంలోని ప్రతి పరికరానికీ ఇదే పద్ధతిలో లెక్క కట్టాలి.

నలుగురు ప్రయాణించే ఒక క్యారవాన్‌ను ఉదాహరణగా తీసుకుందాము. 6 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు నాలుగు, 5 గంటలు వెలిగితే 120 వాట్ గంటలు. 28 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాను 10 గంటలకు 280. బ్యాటరీపై నేరుగా నడిచే చిన్న ఫ్రిజ్ రోజుకు సుమారు 500. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకు 150. 60 వాట్ల నీళ్ళ మోటారు అరగంటకు 30. 500 వాట్ల మిక్సీ ఆరు నిమిషాలకు 50. మొత్తం 1,130. తీగలలోనూ, ఇన్వర్టర్‌లోనూ పోయే నష్టాన్ని కలుపుకుంటే రోజుకు దాదాపు 1,300 వాట్ గంటలు అవసరం.

ఉదయం మాత్రమే నడిచే టిఫిన్ బండి లెక్క దీనికన్నా చిన్నది. తెల్లవారకముందు రెండు గంటలు వెలిగే 9 వాట్ల దీపాలు మూడింటికి 54, చట్నీకి మిక్సీ 20 నిమిషాలకు 167, పొగను బయటికి పంపే 40 వాట్ల ఫ్యాను 5 గంటలకు 200, ఫోనుకు, చెల్లింపులు తెలిపే చిన్న స్పీకరుకు 20. అంతా కలిపి 441 వాట్ గంటలు. దీనికి 200 వాట్ల ఫలకం, ఒక చిన్న బ్యాటరీ సరిపోతాయి. పక్కవారి బండికి ఎంత పెట్టారో చూసి మనమూ అంతే పెట్టడం వలన డబ్బు వృథా కావచ్చు, లేదా శక్తి చాలకపోవచ్చు.

ఏ.సి., ఇండక్షన్ పొయ్యి విషయంలో ఆశ హద్దులో ఉండాలి. 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యిని 40 నిమిషాలు వాడితే 1,200 వాట్ గంటలు పోతాయి. అంటే పైన చెప్పిన కుటుంబానికి దాదాపు ఒక రోజు ఖర్చు. ఒక టన్ను ఏ.సి. రాత్రంతా నడిస్తే ఆరు నుండి ఎనిమిది యూనిట్లు కావాలి. సామాన్యమైన వ్యాను పైకప్పు అంత శక్తిని ఒక్కరోజులో ఇవ్వలేదు.

పైకప్పు ఎంత ఇస్తుంది?

మన ప్రాంతానికి ఎండ కొరత లేదు. పొరుగున తుమకూరు జిల్లా పావగడలో 2,050 మెగావాట్ల సౌర పార్కు వెలసినది ఈ ఎండను నమ్ముకొనే. కానీ అక్కడి ఫలకాలను నీడ పడని నేల మీద, ఎండకు అనుకూలమైన వాలులో నిలిపారు. వాహనం మీది ఫలకం అడ్డంగా పడుకొని ఉంటుంది, వేడెక్కుతుంది, దుమ్ము పట్టుతుంది, చెట్టు కింద నిలుస్తుంది. అందువలన ఈ నష్టాలన్నీ తీసివేసి లెక్కించుకోవాలి. 400 వాట్ల ఫలకాలకు రోజుకు 5 గంటల పూర్తి ఎండ దొరికిందనుకుంటే 2,000 వాట్ గంటలు రావాలి. ఆచరణలో అందులో పదింట ఏడు వంతులు, అనగా 1,400 చేతికి వస్తాయి. పైన చెప్పిన కుటుంబానికి ఇది మంచి ఎండ రోజున సరిపోతుంది. ముసురు పట్టిన రోజున ఇందులో మూడోవంతు వచ్చినా గొప్పే.

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి మూడూ 13 నుండి 14 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. సూర్యుడు ఏడాదిలో ఎక్కువ కాలం నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి ఫలకం అడ్డంగా ఉండడం వలన కలిగే నష్టం స్వల్పమే. వేడి వలన కలిగే నష్టం అంతకన్నా పెద్దది. ఫలకం 25 డిగ్రీలు దాటి వేడెక్కే ప్రతి డిగ్రీకి దాని శక్తి నూటికి 0.35 నుండి 0.4 వంతు తగ్గుతుంది. వేసవిలో ఫలకం 65 డిగ్రీలకు చేరితే దాదాపు ఏడింట ఒక వంతు పోయినట్లే. కనుక ఫలకాన్ని పైకప్పుకు అంటించకుండా, కింద గాలి ఆడేలా మూడు నాలుగు అంగుళాల ఎడం వదిలి పట్టాల మీద బిగించాలి. ఆ పట్టాలను రేకుకు కాక, పైకప్పు లోపలి ఇనుప పక్కటెముకలకు బోల్టులతో బిగించాలి. రహదారి వేగంలో గాలి ఫలకాన్ని పైకి లేపుతుంది. ఊడిన ఫలకం వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుని ప్రాణం తీయగలదు.

రాతి క్వారీల దుమ్ము, మట్టిదారుల దుమ్ము మన దగ్గర ఎక్కువ. వారానికొకసారి తెల్లవారుజామున, ఫలకం చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవాలి. బోరు నీళ్ళను అలాగే ఆరనిస్తే సున్నపు మరకలు మిగులుతాయి కాబట్టి పొడిగుడ్డతో మరల తుడవడం మేలు. మండే ఎండలో చన్నీళ్ళు పోయరాదు. ఒక కొమ్మ నీడ ఫలకం మూలన పడినా ఉత్పత్తి చాలా తగ్గుతుంది. మనుషులకు నీడ కావాలి, ఫలకానికి ఎండ కావాలి. అందుకని కొందరు పైకప్పు ఫలకాలతో పాటు, చెట్టు నీడకు అవతల నేల మీద పరచుకొనే మడత ఫలకాన్ని వెంట ఉంచుకుంటారు.

లిథియం బ్యాటరీలో ఏమున్నది?

లిథియం బ్యాటరీలలో పలు రకాలు ఉన్నాయి. నివాస వాహనానికి తగినది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. ఈ పదార్థం బ్యాటరీకి పనికివస్తుందని 1997లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుండి వెలువడిన పరిశోధన పత్రం చూపింది. దానిపై 2019లో నోబెల్ బహుమతి పొందిన జాన్ గుడెనఫ్‌తో పాటు పాఢి, నంజుండస్వామి అనే పేర్లు కూడా ఉన్నాయి. ఫోన్లలో వాడే లిథియం రకాలకన్నా ఇది ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, సులభంగా అంటుకోదు. అంతమాత్రాన ఎన్నటికీ అంటుకోదని భావించరాదు. నలిగినా, మితిమీరి ఛార్జ్ అయినా ఇది మండే వాయువులను, విషవాయువులను వెలువరిస్తుంది.

దీని ఒక్కొక్క ఘటం 3.2 వోల్టులు. నాలుగు వరుసగా కలిపితే 12.8 వోల్టులు. 200 యాంపియర్ గంటల బ్యాటరీలో 2,560 వాట్ గంటలు ఉంటాయి. అందులో నూటికి 80 వంతులు, అనగా 2,048 నిర్భయంగా వాడుకోవచ్చు. మన ఉదాహరణలోని కుటుంబానికి ఇది ఎండ లేకున్నా ఒకటిన్నర రోజుల నిల్వ. సీసపు బ్యాటరీ దీర్ఘకాలం మన్నాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు. కనుక అదే నిల్వకు 340 యాంపియర్ గంటలు అవసరం. 150 యాంపియర్ గంటల ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెట్టినా చాలదు, ఆ రెండింటి బరువే 100 కిలోలు దాటుతుంది. లిథియం బ్యాటరీ 25 కిలోలకు మించదు. ధర ఎక్కువైనా, సరిగా వాడితే అది 2,000 సార్లకు పైగా నిండి ఖాళీ కాగలదు.

వాడుకలో ఒక తేడాను గుర్తుంచుకోవాలి. సీసపు బ్యాటరీలో ఎంత మిగిలి ఉన్నదో వోల్టు మీటరు చూసి అంచనా వేసే అలవాటు మనకు ఉన్నది. లిథియం బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యే వరకు 13 వోల్టుల దగ్గరే నిలిచి, చివరలో ఒక్కసారిగా పడిపోతుంది. కనుక లోపలికి వచ్చిన, బయటికి పోయిన విద్యుత్తును లెక్కగట్టే షంట్ మీటరును అమర్చుకోవాలి. నెలల తరబడి వాహనం కదలకపోతే బ్యాటరీని సగం నింపి, మెయిన్ స్విచ్ ఆపి ఉంచాలి.

పాత విద్యుత్ వాహనాల నుండి విప్పిన ఘటాలను పేర్చి చౌకగా అమ్మే బ్యాటరీల జోలికి పోరాదు. ప్రతి బ్యాటరీలోనూ ఘటాలను కాపాడే బి.ఎం.ఎస్. అనే నియంత్రణ పలక ఉండాలి. బిల్లు, వారంటీ పత్రం, తయారీదారు పేరు తప్పనిసరి.

ఛార్జ్ చేయడానికి మూడు దారులు

మొదటిది ఎండ. ఫలకాలకు, బ్యాటరీకి నడుమ ఎం.పి.పి.టి. రకం ఛార్జ్ కంట్రోలర్ ఉండాలి. 400 వాట్ల ఫలకాలకు 12 వోల్టుల వ్యవస్థలో 40 యాంపియర్లది సరిపోతుంది. బిగించేటప్పుడు ముందు బ్యాటరీని, తరువాత ఫలకాలను కలపాలి. విప్పేటప్పుడు ముందు ఫలకాలను తీయాలి.

రెండవది ఇంజిన్. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. బండి ఆల్టర్నేటర్‌ను నేరుగా లిథియం బ్యాటరీకి కలిపితే, ఆ బ్యాటరీ పట్టినంత విద్యుత్తును లాగుతుంది. ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో డి.సి. నుండి డి.సి.కి మార్చే ఛార్జర్‌ను పెట్టాలి. 30 యాంపియర్ల ఛార్జర్‌తో గంట ప్రయాణంలో సుమారు 350 వాట్ గంటలు నిండుతాయి. చిక్కబళ్ళాపురం నుండి బాగేపల్లికి వెళ్ళి వస్తే, ముసురు రోజున ఎండ వలన వచ్చిన కొరతలో చాలా భాగం తీరుతుంది.

మూడవది ఇంటి కరెంటు. సీసపు బ్యాటరీకి వాడిన పాత ఛార్జర్‌ను దీనికి వాడరాదు. అందులో కొన్ని 15 వోల్టులు దాటించి బ్యాటరీని శుద్ధి చేసే పద్ధతి కలిగి ఉంటాయి, అది లిథియం ఘటాలకు హాని. లిథియంకు తగినదని రాసి ఉన్న ఛార్జర్‌నే కొనాలి. వాహనానికి కరెంటు తీసుకొనే చోట ఎర్తింగు, 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. రెండూ ఉండి తీరాలి.

ఫ్యూజు, తీగ, గ్యాసు

వ్యవస్థ మొత్తంలో చౌకైనదీ, అతి ముఖ్యమైనదీ ఫ్యూజు. లిథియం బ్యాటరీ రెండు కొనలు పొరపాటున కలిస్తే క్షణంలో వేల యాంపియర్లు ప్రవహిస్తాయి. బి.ఎం.ఎస్. ఉన్నది కదా అని ఫ్యూజును మానరాదు. బ్యాటరీ ధన ధ్రువం నుండి జానెడు దూరంలోపే, అంతటి ప్రవాహాన్ని తెంచగల క్లాస్ టి రకం ఫ్యూజు ఉండాలి. అక్కడి నుండి చీలే ప్రతి శాఖకూ విడిగా మరొక ఫ్యూజు కావాలి.

12 వోల్టుల వ్యవస్థలో 1,000 వాట్ల ఇన్వర్టర్ 90 యాంపియర్లకు పైగా లాగుతుంది. దానికి 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 125 యాంపియర్ల ఫ్యూజు తగినవి. ఇంటి గోడలలో వాడే సన్నని తీగ ఇక్కడ ఎర్రగా కాలుతుంది. ఇనుప రేకులో తీగ దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ తొడగాలి. లేనిచో బండి కుదుపులకు రేకు అంచు తీగ తొడుగును కోస్తుంది. మొదటి 100 కిలోమీటర్ల తరువాత, ఆపైన నెలకొకసారి బోల్టులన్నీ బిగించి చూడాలి.

బ్యాటరీ, గ్యాసు సిలిండరు ఒకే అరలో ఉండరాదు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. కారితే అది పైకి పోదు, నేల మీద పేరుకుంటుంది. బ్యాటరీ, దాని స్విచ్ కూడా సాధారణంగా నేలకు దగ్గరగానే ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండరు అరకు అడుగున బయటికి తెరుచుకొనే రంధ్రం ఉండాలి. బ్యాటరీ అర వేరుగా, ఇంజిన్ వేడికి దూరంగా, గాలి ఆడేలా ఉండాలి. దిగే తలుపు పక్కన దానిని అమర్చరాదు. మంట పుడితే బయటపడే దారి మూసుకుపోతుంది. మూసి ఎండలో నిలిపిన వాహనం లోపల వేడి 50 డిగ్రీలు దాటవచ్చు కాబట్టి, తయారీదారు చెప్పిన ఛార్జింగ్ ఉష్ణోగ్రత హద్దును ముందే తెలుసుకోవాలి.

బ్యాటరీ నుండి పొగ, ఘాటు వాసన, ఉబ్బు కనబడితే అందరూ వెంటనే దిగి, దూరంగా వెళ్ళి 112కు ఫోను చేయాలి. లోపలి సామాను కోసం తిరిగి ఎక్కరాదు. మంట ఆరినట్లు కనబడినా ఘటాలు చల్లబడేవరకు మరల అంటుకొనే ప్రమాదం ఉంటుంది.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేలా వాహనాన్ని యజమాని తన ఇష్టానుసారం మార్చరాదు. సరుకుల వ్యానును క్యారవాన్‌గా మార్చడం, సీట్లు తీసివేయడం, బరువు పెంచడం ఈ పరిధిలోకి వస్తాయి. క్యారవాన్‌ల నిర్మాణానికి ఎ.ఐ.ఎస్. 124 అనే ప్రత్యేక ప్రమాణం ఉన్నది. కనుక పని మొదలుపెట్టక ముందే వాహనం నమోదైన ప్రాంతీయ రవాణా కార్యాలయంలో విచారించి, అవసరమైన అనుమతి పొందాలి. మార్పును బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపని మార్పు కారణంగా ప్రమాద సమయంలో పరిహారం అందకపోవచ్చు. ఫలకాలు బిగించిన తరువాత వాహనం ఎత్తును కొలిచి డ్రైవరు కంటికి కనబడేలా రాసి ఉంచితే, రైల్వే అండర్‌పాసుల వద్ద నష్టం తప్పుతుంది.

ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద లభించే సబ్సిడీ విద్యుత్ గ్రిడ్‌కు అనుసంధానమైన నివాస గృహాల పైకప్పులకు ఉద్దేశించినది. వాహనాలకు అది వర్తించదు. వాహనానికి సబ్సిడీ ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మరాదు.

పాత బ్యాటరీని ఏమి చేయాలి?

తీసివేసిన సీసపు బ్యాటరీని విప్పి ఆమ్లాన్ని కాలువలో పారబోయడం నేరం, పైగా భూగర్భ జలానికి విషం. బోరు నీళ్ళపై ఆధారపడిన మన ఊళ్ళలో ఆ విషం చివరకు మన కడవలోకే వస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, వాడిన బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత తయారీదారులపై ఉన్నది. కొత్తది కొనేటప్పుడే పాతదాన్ని దుకాణదారుకు అప్పగిస్తే దాని వెల కూడా తగ్గించుకోవచ్చు.

పాడైన లిథియం బ్యాటరీని, అది ఎంత చిన్నదైనా సరే, నగరసభ లేదా పురసభ చెత్త బండిలో వేయరాదు. చెత్తను నొక్కే యంత్రంలో అది నలిగితే మంట పుడుతుంది. ఆ మంట మొదట తాకేది మన వీధిని శుభ్రం చేసే పౌరకార్మికులనే. దాని రెండు కొనలకు టేపు చుట్టి, అమ్మిన దుకాణానికి గాని, అనుమతి పొందిన సేకరణ కేంద్రానికి గాని ఇవ్వాలి.

ఏది ముందు, ఏది తరువాత?

డబ్బు ఒకేసారి సమకూరని వారు ఈ క్రమాన్ని పాటించవచ్చు. మొదట ఒక వారం పాటు ఏ పరికరం ఎన్ని గంటలు నడిచిందో నోటుపుస్తకంలో రాసుకోవాలి. రెండవది, పాత బల్బులను, ఫ్యానును తక్కువ విద్యుత్తుతో నడిచేవిగా మార్చాలి. ఆదా చేసిన ప్రతి వాట్ గంటకూ ఫలకం, బ్యాటరీ కొనే ఖర్చు తప్పుతుంది. మూడవది బ్యాటరీ, ఫ్యూజులు, సరైన తీగలు, షంట్ మీటరు. వీటిని ఒకేసారి అమర్చాలి, డబ్బు చాలదని ఫ్యూజును తరువాతకు వాయిదా వేయరాదు. నాలుగవది పైకప్పు ఫలకాలు. ఏ.సి. గురించి ఆలోచన ఆ తరువాతే.

తీగల పనిని లైసెన్సు పొందిన ఎలక్ట్రీషియన్ చేత చేయించి, ఏ ఫ్యూజు దేనికో తెలిపే చిత్రాన్ని తలుపు లోపలి వైపు అంటించాలి. రాత్రివేళ దారిలో ఏదైనా చెడిపోతే, బ్యాటరీ స్విచ్ ఎక్కడున్నదో ఇంట్లోని పెద్దవారికి, పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. బయలుదేరే ముందు ఒకసారి అందరి చేతా ఆ స్విచ్‌ను ఆపించి చూడండి.